బర్మా అవ్వ అంగడి

గత మాసమున ఈ పుటలో చింతపండు నిలువచేయు విధమును గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున వడియముల సంగతి వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాట తప్పుచున్నాము, మన్నింప వేడెదము. వడియములకు ఎండ కావలయును. మా నగరిలో పదునైదు దినములనుండి ముసురు పట్టి సూర్యదర్శనమే కరవైనది. అది యొక కారణము. అంతకంటె పెద్ద కారణము మరియొకటి కలదు. మేమొక తప్పు చేసితిమి. నలుగురిలో చేసిన తప్పును నలుగురిలోనే ఒప్పుకొనవలయునని మాకు బుద్ధి చెప్పిన పెద్దావిడ యొకరు మా వీధిలోనే యున్నారు. ఆమె చేతి వంట సంగతియు, మా తప్పు సంగతియు విడదీయరానివి గాన రెండును కలిపియే విన్నవించుచున్నాము.

మా ఊరు ఎరుగని చదువరులకు రెండు మాటలు. నగరి తిరుపతినుండి చెన్నపట్టణమునకు పోవు దారిలో, తమిళదేశపు సరిహద్దున నున్నది. చెంతనే కుశస్థలీ నది. వీధులలో పగలనక రేయనక మరమగ్గముల చప్పుడు. ఊరికి కనుచూపుమేరలో నున్న కొండకొమ్ము మనుష్యుని ముక్కువలె నుండుటచే దానికి 'నగరి ముక్కు' అని పేరు వచ్చినది. సముద్రము ఇచటికి దూరమే యైనను, ఆకాశము నిర్మలముగా నున్న దినములలో ఓడలమీద వచ్చువారికి ఆ ముక్కు కనబడుచుండెడిది. వెనుకటి నావికులు తీరము చేరుటకు దానిని గురుతుగా పెట్టుకొనెడివారు. ఇరుగుపొరుగు ఇండ్లలో ఒకరు తెలుగు మాటలాడిన, ఒకరు అరవము మాటలాడుదురు. పొరుగుననే యున్న తిరుత్తణి 1960 వరకు మన చిత్తూరు జిల్లాలోనిదే. ఆ యేట మద్రాసు రాష్ట్రమునకు పోయినది. ఎల్ల మారినను వంటిండ్లు మారలేదు. మా యిండ్లలో సంగటియు ఊరుబిండియు ఎంత సహజమో, ఇడియాప్పమును పొంగలియు నంత సహజము.

ఇట్టి ఊరిలో మూడు నెలల క్రిందట మా వీధి మలుపున నొక చిన్న అంగడి వెలసినది. రెండు బల్లలు, ఒక పెద్ద పెనము, రెండు పొయ్యిలు, పైన రేకు కప్పు. చేతితో వ్రాసిన పలకమీద 'బర్మా అత్తో, మొహింగా, బేజో' అని తెలుగునను అరవమునను కలదు. సాయంకాలమున బడి విడిచిన ఆడపిల్లలును, మగ్గముల పని ముగించుకొన్న స్త్రీలును అచట మూగుచుండిరి.

మా యింట ప్రతి శుక్రవారము పదిమంది స్త్రీలు చేరి లలితాసహస్రనామ పారాయణము చేయుదుము. ఒక వారము పారాయణము ముగిసినపిదప మాటలు ఆ అంగడి మీదికి పోయినవి. "అక్కడి పులుసంతా చేపల నీళ్ళేనంట, శాకాహారం అని పెట్టేది కూడా ఆ కుండలోదేనంట" అని యొకరనిరి. "మన దేశపు వంటే కాదు, ఏమేమి కలుపుతారో" అని మరియొకరనిరి. అప్పుడు మేము ఊరకుండవలసినది. ఊరకుండక, "నిజమే. పరదేశపు తిండి. మన పిల్లలను ఆ వంకకు పంపకపోవడమే మేలు" అంటిమి. సోదరీమణులారా! అప్పటికి మేమా అంగడి ముంగిట నొక్కసారియైనను నిలిచినవారము కాము. ఆ కుండలో నేమున్నదో కన్నులార చూచినవారమును కాము.

అంతటితో పోలేదు. మా యింటికి పద్యములు చెప్పించుకొనుటకు వచ్చు ఆడపిల్లలకును ఆ మాటనే చెప్పితిమి. బడిపంతులు గారి భార్య మాట గాన దానికి లేని బరువు వచ్చినది. "అయ్యవారమ్మ వద్దన్నారు" అని ఆ మాట మా వీధి దాటి పోయినది. పదిదినములలో ఆ రేకు కప్పు క్రింద ఆడపిల్లల సందడి తగ్గినది. మేము దానిని చూచితిమి. చూచి లోలోపల సంతోషించితిమి కూడ. ఇది వ్రాయుటకు సిగ్గగుచున్నది. అయినను వ్రాయకున్న తక్కిన కథకు అర్థము లేదు.

దసరా సెలవులకు మా పెద్దవాడు చెన్నైనుండి వచ్చినాడు. అచట కాలేజీలో చదువుచున్నాడు. స్నేహితులతో గూడి 'ఏషియన్ ఫ్యూజన్' అను పేరుగల భోజనశాలకు పోయితిననియు, చల్లని గదిలో ఒక గిన్నెడు పులుసుకు ఏడువందల రూపాయలు తీసికొనిరనియు చెప్పినాడు. ఆ పేరునకు అర్థమేమని అడిగితిమి. "చైనా, జపాను, బర్మా, సయాము, మన దేశము, ఇట్లా అన్ని దేశాల వంటలను ఒకే పళ్ళెంలో కలిపి వండటమమ్మా" అన్నాడు. మావారు నవ్వి, "అంత దూరమెందుకురా, మీ అమ్మ అరవ ఇడియాప్పంలోకి తెలుగు పచ్చిపులుసు పోస్తుంది, ఏడువందలు ఇవ్వు" అనిరి. అందరమును నవ్వుకొంటిమి. వీధి మలుపున నున్న అంగడి మాట ఆనాడు ఎవరికిని తట్టలేదు.

ఆ తరువాత నాలుగు దినములకు మావారు వానలో తడిసిన మెట్లమీద జారి కుడిచేయి మణికట్టు విరుగగొట్టుకొనిరి. మా ప్రాంతమున ఎముక విరిగినచో పుత్తూరు కట్టునకు పోవుట వాడుక. ఆ కట్టు పేరు దూరదేశములందును వినబడుచున్నదే. అచట కట్టు కట్టించుకొని, బస్సు దొరకక నిలిచి నిలిచి, రాత్రి తొమ్మిది కావచ్చినపుడు మా వీధి మలుపున దిగితిమి. కుంభవృష్టి. కరెంటు లేదు. మావారు ఉదయము తిన్న రెండు ఇడ్లీలు తప్ప ఏమియు తినలేదు. ఇంట పొయ్యి వెలిగించి వండునప్పటికి గంట పట్టును. ఊరంతయు చీకటియై యుండగా ఆ రేకు కప్పు క్రింద నొక దీపము మాత్రము వెలుగుచుండెను.

"రాండమ్మా, లోపలికి రాండి. అయ్యవారికి చెయ్యి తడస్తా ఉండాది" అని ఆ పెద్దావిడ పిలిచినది. డెబ్బది యేండ్లు దాటిన మనిషి. నేత చీర, నుదుట రూపాయంత కుంకుమ, చెంపలమీద ముడుతలు. మేము కప్పు క్రింద నిలిచితిమే కాని బల్లమీద కూర్చుండలేదు. ఆమె మా మొగమును చూచినది. ఏమి గ్రహించినదో కాని, "మీరు శాకాహారులు కదమ్మా. ఇట్ల చూడండి" అని దీపము తెచ్చి చూపినది.

రెండు కుండలు రెండు పొయ్యిలమీద వేరు వేరుగా నున్నవి. వానికి గరిటెలు వేరు, గిన్నెలు వేరు. ఒక కుండకు పసుపుగుడ్డ కట్టియున్నది. అది శాకపు కుండ. గుడ్డు వేయు పెనము దానికి మూరెడు దూరమున నున్నది. "పసుపు గుడ్డ కుండలోకి ఆ గరిటె పోతే నేను ఆ పులుసు పారబోస్తానమ్మా. మా అమ్మ మద్రాసులో పెట్టిన కట్టుబాటు ఇది" అన్నది. మా వంటింటిలో నైనను ఇంతటి నియమము లేదని మాకు లోపల తోచినది.

మావారు అప్పటికే కూర్చుండి యెడమచేత గిన్నె పట్టుకొనిరి. రెండు గుక్కలు త్రాగి మావంక చూచిరి. ఏమియు అనలేదు. మరి రెండు గుక్కలు త్రాగిరి. అప్పుడు మేమును కూర్చుంటిమి.

ఆ గిన్నెలో సన్నని బియ్యపు సేవలు. వానిపై పసుపు వన్నె గల చిక్కని పులుసు. అందు ఉంగరములవలె తరిగిన అరటిదూట మెత్తగా ఉడికియున్నది. పైన ఎఱ్ఱగా వేయించిన ఉల్లిపాయలు, కొత్తిమీర, ఒక బద్ద నిమ్మరసము, చేత నలిపిన బేజో, అనగా పిండితో పలుచగా వేయించిన కరకరలాడు అప్పచ్చి. మొదటి గుక్కకు నిమ్మగడ్డి వాసన తెలిసినది. అది మాకు క్రొత్త. రెండవ గుక్కకు అల్లము, వెల్లుల్లి. మూడవ గుక్కకు వేయించిన శనగపిండి కమ్మదనము తెలిసినది; అది మాకు పుట్టినింటినాటి ఎరుక. మా అమ్మమ్మ అరటిదూటతో పులుసు కాచి చివర పిండి కలిపి దించెడిది. ఈ పులుసు ఆ పులుసు కాదు. కాని దాని చుట్టము.

భారతమునందలి నలోపాఖ్యానము మీకందరకు తెలిసినదే. నలుడు రూపు చెడి బాహుకుడను పేర వంటవాడై యున్నపుడు, దమయంతి అతని మొగము చూచి పోల్చలేకపోయినది. అతడు వండిన వంటకమును కేశినిచేత తెప్పించుకొని రుచిచూచి, అతడు తనవాడేయని గురుతించినది. ఆ కథను చిన్ననాడు మా తండ్రిగారు చెప్పినపుడు, నాలుకకు అంతటి శక్తి యుండునాయని అనుకొంటిమి. ఆ రాత్రి ఆ సందేహము తీరినది. పరదేశపుదని మేము దూరము పెట్టిన గిన్నెలో మనవారి చేయి తెలిసినది.

"అవ్వా, మీదే ఊరు?" అని అడిగితిమి.

"పుట్టింది రంగూన్లోనమ్మా. మా అమ్మమ్మ కళింగపట్నం పక్కనుంచి పెండ్లయి ఓడెక్కి పోయిందంట" అన్నది.

ఈ తరము వారికి బర్మా అన్న ఎచటనో యున్న దేశము. మన తాతల కాలమున అది ఓడపై మూడు నాలుగు దినముల ప్రయాణము. విశాఖపట్టణము, కాకినాడ, కళింగపట్టణము రేవులనుండి మనవారు వేలకొలది రంగూనుకు పోయి, ఓడలలో బస్తాలు మోసిరి; బియ్యపు మిల్లులలో పనిచేసిరి; రిక్షాలు లాగిరి. కోరంగి రేవునుండి వచ్చినవారని బర్మావారు తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచెడివారు. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను పట్టణమున నున్న నాలుగు లక్షల జనములో సగమునకు మించినవారు మనదేశీయులే. అంతమంది యొకచోట చేరిన, అచటివారికి కంటగింపు కలుగకుండునా? 1930 మే నెలలో ఓడరేవు కూలీల సమ్మె కారణమున పుట్టిన కలహమున తెలుగు కూలీలు అనేకులు హతులైరి; వందలకొలది గాయపడిరి. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 మార్చిలో పట్టణము వారి వశమైనది. మనవారు లక్షలకొలది అడవులవెంట, కొండలవెంట కాలినడకను బయలుదేరిరి. వేలకొలది దారిలోనే రాలిపోయిరి.

"మా అమ్మమ్మ కడుపుతో ఉండిందంట. నడవలేక పల్లెలో దాచుకొన్నారు. అట్ల నిలిచిపోయినాము" అన్నది అవ్వ. నిలిచిపోయినవారికిని స్థిరత లేకపోయినది. 1962 మార్చిలో నెవిన్ అను సేనాపతి రాజ్యమును చేజిక్కించుకొనెను. తరువాతి రెండేండ్లలో అంగళ్ళును వ్యాపారములును ప్రభుత్వపరమైనవి. 1964 మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవనిరి. క్యాట్ అనునది అచటి రూపాయి. మనదేశమునుండి ఓడలు పోయి జనమును తీసికొనివచ్చినవి. 1965లో పదకొండేండ్ల పిల్లగా అవ్వ చెన్నపట్టణపు రేవున దిగినది.

"ఓడమీదనుంచి మా నగరి ముక్కు కనబడిందా అవ్వా?" అని ఆశతో అడిగితిమి. "ఏమోనమ్మా, నాకు వాంతులు తప్ప ఇంకేమీ గుర్తు లేదు" అని నవ్వినది.

ఆ కుటుంబములు ఎచట దిగిన నచట పేరులు నిలిచినవి. విశాఖపట్టణమున కంచరపాలెము చెంత 'బర్మా క్యాంపు' కలదు. చెన్నపట్టణమున బీచి స్టేషను దాపున 1969లో 'బర్మా బజారు' వెలసినది. ఆ చుట్టుపట్ల వీధులలో తోపుడుబండ్లమీద 'అత్తో' అమ్మువారు నేటికిని కలరు. బర్మా భాషలో 'అథోక్' అనగా కలిపిన తినుబండారము. అదే అరవవారి నోట 'అత్తో' అయినది. గోధుమ సేవలలో సన్నగా తరిగిన క్యాబేజీ, ఉల్లి, వేయించిన వెల్లుల్లి, వేయించిన శనగపిండి, చింతపండు రసము, మిరపపొడి, ఉప్పు, నూనె వేసి చేతితో కలుపుదురు. అవ్వ తల్లి భర్తను పోగొట్టుకొని ముగ్గురు పిల్లలను అట్టి బండిమీదనే పెంచినది.

"బర్మాలో దీంట్లోకి చేపల ఊట పోస్తారు, ఎండు రొయ్యలు పొడి చేసి వేస్తారు. మద్రాసులో అవి దొరికేవి కాదు. దొరికినా కొనను డబ్బు లేదు. మా అమ్మ చింతపండు వేసింది. మద్రాసోళ్ళు కారం కావాలన్నారు, కారం వేసింది. కోవిలకు పోయేవాళ్ళు చేప లేకుండా అడిగినారు, ఇంకో కుండ పెట్టింది" అని అవ్వ చెప్పినది. మా పెద్దవాడు చెప్పిన 'ఫ్యూజన్' అను మాట అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. పట్టణమున వేడుకకై కలుపుదురు. ఈ తల్లి బిడ్డల కడుపు నింపుటకై కలిపినది. లేనిదానిని విడిచి, ఉన్నదానిని చేర్చి, ఎదుట నిలిచినవాని నోటికి తగినట్లు మార్చుచు వచ్చినది. మన వంటయు ఇట్టిదే కదా! మిరపకాయ లేక మనకు ముద్ద దిగదు. కాని మన పురాణములందు కారమన్న మిరియమే. మిరపకాయ సముద్రములు దాటి, పోర్చుగీసువారి వెంట వచ్చినది. మన తాతలెవరో దానిని ఒకనాడు పరదేశపుదని అనుమానముతో చూచియే యుందురు.

ఇంతవరకు సుఖముగనే గడచినది. గిన్నె ముగియవచ్చినపుడు మావారు, "వ్యాపారం ఎట్లా ఉందవ్వా?" అని అడిగిరి.

"కూతురి కాపురం ఏకాంబరకుప్పంలో. అల్లుడికి మగ్గాల్లో పని. చేతనైనంత సాయం చేస్తామని ఈ ఊరు వచ్చినాను. మొదట ఆడపిల్లలు బాగా వస్తా ఉండ్రి. మధ్యలో ఎవరో పెద్దింటి అమ్మ, 'అన్నీ ఒకే కుండ, పోవద్దు' అనిందంట. ఇప్పుడు రారు. చూసి చెప్పింటే బాగుండు" అన్నది.

ఆ పెద్దింటి అమ్మ యెవరో ఆమె ఎరుగదు. మావారు ఎరుగుదురు. వారు మావంక చూడలేదు; కట్టుకట్టిన చేతివంక చూచుకొనిరి. మా చేతిలోని గిన్నెలో రెండు గుక్కలు మిగిలియున్నవి. అవి మింగుటకు మాకు శక్యము కాలేదు. డబ్బు చెల్లించి ఇంటికి వచ్చితిమి. ఇద్దరికిని కలిపి నూరు రూపాయలు కూడ కాలేదు.

ఆ రాత్రి నిద్ర లేదు. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని పిల్లలకు చెప్పుచుండెడివారము. ఒక ఆడుది తన రెక్కలకష్టముతో పెట్టుకొన్న పొయ్యిని మరియొక ఆడుది నోటిమాటతో ఆర్పవచ్చునని మా చదువు మాకు నేర్పలేదు. లేదా నేర్పినను మేము వినలేదు.

మరునాడు మధ్యాహ్నము పోయితిమి. అవ్వ ఉల్లిపాయలు తరుగుచుండెను. ఎదుట కూర్చుండి, "అవ్వా, ఆ మాట అన్నది నేనే" అంటిమి. ఇచట 'మేము' అనుటకు నోరు రాలేదు.

ఆమె కత్తిపీట ప్రక్కకు జరిపినది. కొంతసేపు పలుకలేదు. తరువాత, "ఆ మాట నాతో చెప్తే ఏమొస్తుంది అయ్యవారమ్మా? ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి" అని మరల ఉల్లిపాయలు చేతికి తీసికొన్నది. కోపమును లేదు, ఓదార్పును లేదు. అది న్యాయమైన మాట. కాళ్ళకు మ్రొక్కినను అంతకంటె తేలికగా నుండెడిది.

శుక్రవారము పారాయణము ముగిసి తాంబూలములు పంచుటకు ముందు చెప్పితిమి. చూడక పలికితిమనియు, చూచినపిదప అది అబద్ధమని తెలిసినదనియు, రెండు కుండల నియమమును ఉన్నదున్నట్లుగా చెప్పితిమి. కొందరు తల యూచిరి. ఒక సోదరి, "ఏమైనా నాకు వెగటుగానే ఉంటుంది" అనినది. తినుట తినకుండుట ఎవరి యిష్టము వారిది. అందు తప్పు లేదు. తినుమని చెప్పుటకు మేము నోరు తెరవలేదు; చూడనిదానిని చూచినట్లు చెప్పిన మాటను మరల్చుకొనుటకే తెరచితిమి.

ఆడపిల్లల యెదుట మాత్రము మరింత కష్టమైనది. పద్యపాఠము ముగిసినతరువాత చెప్పగా, అందులో తెలివిగల చిన్నది, "అయితే అమ్మా, మీరు చూడకుండానే చెప్పినారా?" అని అడిగినది. "అవును" అంటిమి. ఎన్నియో శ్లోకములు కంఠస్థము చేసితిమి కాని, ఆ మూడక్షరముల మాట పలుకుటకు పడిన శ్రమ దేనికిని పడలేదు.

ఇప్పుడు సాయంకాలములందు కొందరు పిల్లలు మరల వచ్చుచున్నారు. మునుపటంతమంది లేరు. వీధిలో పోయిన మాట త్వరగా పోవును. దానివెంట పంపిన మాట మెల్లగా నడచును. అందుచేతనే ఈ పుటలోను వ్రాయుచున్నాము.

ఇక వంట విధము. అవ్వ అనుమతితోనే చెప్పుచున్నాము. శాకపు కుండ సంగతి మాత్రమే. నలుగురికి జానెడు లేత అరటిదూట చాలును. పై పొరలు తీసివేసి, లోపలి తెల్లని భాగమును చక్రములుగా తరిగి, వచ్చు నారను వ్రేలికి చుట్టి తీసివేయవలయును. నల్లబడకుండ మజ్జిగ నీళ్ళలో వేసి యుంచవలయును. రెండు పెద్ద ఉల్లిపాయలు, ఎనిమిది వెల్లుల్లి రేకలు, బొటనవ్రేలంత అల్లము నూరి, రెండు గరిటెల నూనెలో పచ్చివాసన పోవువరకు వేయించి, అర చెంచా పసుపు వేయవలయును. అరటిదూటను, ముడివేసిన రెండు నిమ్మగడ్డి రేకలను వేసి ఆరు గ్లాసుల నీరు పోసి, దూట మెత్తబడువరకు కాగనిండు. మూడు చెంచాల శనగపిండిని, ఒక చెంచా బియ్యపుపిండిని నూనె లేక దోరగా వేయించి, చన్నీట ఉండలు లేకుండ కలిపి పోసి, సన్నని సెగపై పావుగంట కలియబెట్టవలయును. ఉప్పు, మిరియపుపొడి చివర వేసి, నిమ్మగడ్డి తీసివేయవలయును. మురుకుల గొట్టముతో ఒత్తిన ఇడియాప్పమును గిన్నెలో పెట్టి, పులుసు పోసి, వేయించిన ఉల్లి, కొత్తిమీర, నిమ్మరసము చేర్చి వేడిగా వడ్డింపుడు. పిండి పచ్చిగా వేసినచో పులుసు జిగురగును. వేయించుటయే ఇందలి కీలకమని అవ్వ రెండుమారులు చెప్పినది.

బయట తినునపుడు సందేహము కలుగుట సహజము. అట్టిచో నలుగురి నోట వినుటకంటె ఎదుట నిలిచి చూచుట మేలు. త్రాగు నీటికి మూత కలదా, నూనె నల్లబడినదా, గిన్నెలు పారు నీటితో కడుగుచున్నారా, శాకమునకును మాంసమునకును గరిటెలు వేరా అని చూడుడు. తెలియనిది అడుగుడు. నిజాయితీగల మనిషి దీపము తెచ్చి చూపును.

విశాఖపట్టణముననో, చెన్నపట్టణముననో బర్మానుండి వచ్చిన కుటుంబములకు చెందిన సోదరీమణులు ఈ పుటను చదివినచో, తమ యిండ్లలో మిగిలిన వంటలను గూర్చి మాకు జాబు వ్రాయవలెనని కోరుచున్నాము. వచ్చే మాసమునకు ఎండ కాసినచో వడియములు. ముసురే యైనచో అవ్వ చేయు బేజో.